షాబాద్ బండ మీద ఉమ్మడి రాష్ట్రం

మా వరండాలో ఒక మచ్చ పడింది, దాని గురించే ఈ పోస్టు. మధ్యలో కెమిస్ట్రీ వస్తది, భయపడకండి, నాకు కూడా పెద్దగా రాదు.

మా ఇల్లు మల్కాజిగిరిలో, మా నాన్న 1986లో కట్టించిండు, అప్పట్లో అందరిలాగే కింద మొత్తం షాబాద్ బండలే. తర్వాత బాత్రూంలో మాత్రం టైల్స్ వేయించినం. మాకు మున్సిపల్ నల్లా రోజు విడిచి రోజు, మిగతాదంతా బోరే, బోరు నీళ్ళ సంగతి మీకు తెలుసు కదా, ఆర్నెల్లకే టైల్స్ మీద, నల్లాల చుట్టూ, బకెట్ అడుగున తెల్లగా పొర గట్టి కూర్చుంటది, గోరుతో గీకినా రాదు. ఆ ఆదివారం పొద్దున గల్లీలోకి సైకిల్ మీద "యాసిడ్, ఫినాయిల్" అని అరుచుకుంటూ వచ్చేటాయన దగ్గర ఒక సీసా కొన్న. (2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద గట్టిగానే చెప్పింది, కొనేటోళ్ళ ఐడీ కార్డు చూడాలని, రిజిస్టర్ రాయాలని. ఆయన నన్ను అడిగింది ఒక్కటే, చిల్లర ఉందా సార్ అని.)

పోసిన. టైల్స్ మీద బుసబుస పొంగింది, ముక్కుల్లో ఘాటు, కళ్ళల్లో నీళ్ళు, కానీ పొర మాత్రం పోయింది, లోపల్నుంచి టైలు కొత్తదాని లెక్క మెరిసింది. అంతటితో ఆగితే ఈ పోస్టు ఉండేది కాదు. సంబరంలో సీసా మూత సరిగ్గా పెట్టకుండా బయటికి తెస్తుంటే గడప దగ్గర కాలు తగిలి సగం సీసా వరండాలో ఒలికింది. బండ పొంగింది. అంటే నిజంగా, పాలు పొంగినట్టు.

మా అమ్మ పరుగెత్తుకొచ్చి "ఏందిరా గది, బండ ఉడుకుతున్నది!" అని ఒకటే లొల్లి. నా బిడ్డ పదో క్లాసు, అది చేతిలో పుస్తకంతోనే వచ్చింది, దానికి సోమవారం టెస్టు, చాప్టర్ పేరు ఆమ్లాలు, క్షారాలు, లవణాలు, అంటే దేవుడు కూడా టైమ్ చూసి పంపిండు. మా బండ పాడవుతుంటే అది చప్పట్లు కొట్టి "డాడీ అది కార్బన్ డయాక్సైడ్, కాల్షియం కార్బొనేట్ ప్లస్ యాసిడ్, అగ్గిపుల్ల పెట్టి చూద్దామా ఆరిపోతదేమో" అంటది. నేను వంటింట్లోకి ఉరికి వంట సోడా డబ్బా తెచ్చి మొత్తం గుమ్మరించిన. ఇంకా ఎక్కువ పొంగింది. మా అమ్మ "సల్లారలేదు, ఇంకా జేస్తున్నవ్" అని తలకాయ పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా ఆగింది. నీళ్ళు కొట్టి కడిగితే నున్నటి బూడిద రంగు బండ మధ్యలో తెల్లగా, గరుగ్గా ఒక మచ్చ, చూస్తే అచ్చం పాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మ్యాపు, పైన ఆదిలాబాద్ మొన కూడా ఉంది, కింద చిత్తూరు తోక కూడా ఉంది.

టైలుకు ఏం కాలేదు, బండకు ఎందుకైంది అని మా అమ్మ అడిగింది, న్యాయమైన ప్రశ్న. షాబాద్ బండ అన్నా తాండూరు బండ అన్నా సున్నపురాయి జాతి, లోపల ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. బోరు నీళ్ళ తెల్ల పొర కూడా దాదాపు అదే సరుకు. యాసిడ్‌కు ఇది మురికి, ఇది ఇల్లు అని తేడా తెలియదు, కాల్షియం కార్బొనేట్ కనబడితే తింటది, కాల్షియం క్లోరైడ్ అయి నీళ్ళల్ల కలిసిపోతది, గ్యాస్ పైకి పోతది. టైలు మీద గాజులాంటి పూత ఉంటది కాబట్టి బతికింది. వంటింటి గట్టు గ్రానైటు, దాని మీద నిమ్మకాయ పిండినా బండ పొంగదు, గోల్కొండ కోట గుట్ట మొత్తం ఆ జాతే. మార్బుల్ వేయించుకున్నోళ్ళు మాత్రం జాగ్రత్త, మార్బుల్ కూడా మా బండకు చుట్టమే.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్త, మళ్ళీ మర్చిపోత. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ వేయొద్దు, బ్లీచ్ పోయొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తది, మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెచ్చేది. "రెండూ వేస్తే ఇంకా తెల్లగా అయితది" అని చెప్పేటోళ్ళు ప్రతి గల్లీలో ఒకరుంటరు.

సరే. మచ్చ మీద పట్టా కప్పి, బిడ్డ పక్కన కూర్చున్న, ఎలాగూ నా పరువు పోయింది కదా కనీసం చదివిద్దాం అని. ఇక్కడ మా ఇంట్లో భాషా సమస్య ఒకటుంది. నేను తెలుగు మీడియం, నాకు ఆమ్లం, క్షారం, తటస్థీకరణం. దానికి యాసిడ్, బేస్, న్యూట్రలైజేషన్. మా అమ్మకు పులుపు, సున్నం, బూడిద. మా నాన్న చదువుకున్నప్పుడైతే హైడ్రోజన్‌ను ఉదజని అని, ఆక్సిజన్‌ను ఆమ్లజని అని రాసేవాళ్ళట. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆ పేరులో ఒక తప్పు దాక్కుని ఉంది. ఫ్రాన్సులో లవోయిజర్ ప్రతి ఆమ్లంలో ఈ వాయువు ఉంటది అనుకుని అదే అర్థం వచ్చేలా ఆక్సిజన్ అని పేరు పెట్టిండు, మనోళ్ళు దాన్నే పదానికి పదం తెలుగు చేసిన్రు. కానీ 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఉప్పు నుంచి తీసే ఆమ్లంలో అసలు ఆక్సిజనే లేదని తేల్చిండు. ఆ ఆమ్లమే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మా బండను తిన్నది అదే. అంటే పెత్తనం ఆమ్లజనిది కాదు, ఉదజనిది. పేర్లు మాత్రం అట్లనే ఉండిపోయినయి, ఇప్పుడు ఎవరు మారుస్తరు.

టెస్టు కోసం బిడ్డ బట్టీ పట్టింది ఏంటంటే, పీహెచ్ స్కేలు 0 నుంచి 14, ఏడు కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం, ఏడు తటస్థం, రంగుల పట్టీ ఒకటి. నేను కూడా ముప్పై ఏళ్ళ కింద ఇదే బట్టీ పట్టిన. నేను పెద్ద మనిషి లెక్క "అయితే చెప్పు, పీహెచ్ 3కి 5కి తేడా ఎంత" అన్న. "రెండు" అంది. "కాదు, వంద రెట్లు" అన్న. నమ్మలేదు. పుస్తకంలో ఒక మూలకు ఉంది లాగరిథమ్ అని, కానీ పదో క్లాసులో లాగ్ అంటే అదొక దెయ్యం, సార్ కూడా "అది ఇంటర్లో చూస్కోండి" అన్నాడట.

అప్పుడు నాకొకటి తట్టింది, ఇన్నేళ్ళు ఎందుకు తట్టలేదో తెలీదు. మన లెక్కల్లోనే ఉంది అది. వెయ్యికి ఎన్ని సున్నాలు? మూడు. లక్షకు? ఐదు. కోటికి? ఏడు. పీహెచ్ అంటే అంతే, సున్నాలు లెక్కపెట్టుడు. లీటరు ద్రావణంలో హైడ్రోజన్ అయాన్లు (ఆమ్లం పెత్తనమంతా వీటిదే) వెయ్యిలో ఒక వంతు మోల్ (డజను లాంటిదే, కాకపోతే అణువులను లెక్కపెట్టే చాలా పెద్ద లెక్క) ఉంటే పీహెచ్ 3, లక్షలో ఒక వంతు ఉంటే 5, కోటిలో ఒక వంతు ఉంటే 7. శుద్ధమైన నీళ్ళల్లో కోటిలో ఒక వంతు, అందుకే ఏడు. వెయ్యిలో ఒకరికి వచ్చే సీటుకు, కోటిలో ఒకరికి వచ్చే సీటుకు ఎంత తేడానో ఎంసెట్ రాసినోళ్ళకు చెప్పక్కర్లేదు. అంకె పెరిగితే ఆమ్లం ఎందుకు తగ్గుతదో కూడా ఇక్కడే తెలుస్తది, అది కింద ఉన్న అంకె కదా, పంచుకునేటోళ్ళు పెరిగితే వాటా తగ్గుతది. రియల్ ఎస్టేట్ భాష పుట్టి పెరిగిన ఊర్లో పిల్లలకు వెయ్యి, లక్ష, కోటి అని చెప్తే రెండు నిమిషాల పని, మనం పది టు ది పవర్ మైనస్ సెవెన్ అని భయపెడుతున్నం.

ఇట్ల సున్నాలు లెక్కపెట్టే ఐడియా ఇచ్చింది డెన్మార్క్‌లో సోరెన్‌సెన్ అని ఒకాయన, 1909లో, పనిచేసేది కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో. అవును ఆ బీరు కంపెనీ వాళ్ళ ల్యాబే. ఎంజైములు ఏ పులుపు దగ్గర బాగా పనిచేస్తయో చూస్తుంటే ప్రతిసారీ 0.0000 అని రాయలేక, సున్నాల సంఖ్య ఒక్కటే రాస్తే పోలా అనుకున్నడు. ఆ పీ అంటే పవరా ఇంకోటా అని ఇప్పటికీ కొట్టుకునేటోళ్ళున్నరు, మనకెందుకు.

కోటి లెక్క వచ్చినాక బిడ్డ ఒకదాని తర్వాత ఒకటి అడగడం మొదలుపెట్టింది. పీహెచ్ 3 ద్రావణం ఒక గ్లాసు, పీహెచ్ 5 ఒక గ్లాసు కలిపితే ఎంత? నాలుగా? కాదు. లక్ష లెక్కకు మార్చు, మొదటిదాంట్లో లక్షకు వంద, రెండోదాంట్లో లక్షకు ఒకటి, కలిపి రెండు గ్లాసుల్లో పంచితే లక్షకు దాదాపు యాభై, అంటే సుమారు రెండు వేలల్లో ఒకటి, పీహెచ్ 3.3. బలమైనోడి ముందు బలహీనుడు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. మా ఎంసెట్ కాలంలో ఇంకో తిరకాసు ప్రశ్న ఉండేది, 10⁻⁸ మోలార్ హెచ్‌సీఎల్, అంటే లీటరుకు పది కోట్లలో ఒక వంతు మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, దాని పీహెచ్ ఎంత అని, నేను 8 అని రాసొచ్చి బయట అందరికీ గొప్పగా చెప్పుకున్న. ఆమ్లం కలిపితే క్షారం ఎట్లయితదిరా అని ఒక్కడు కూడా అనలేదు, ఎందుకంటే అందరూ అదే రాసిన్రు. నీళ్ళల్ల ముందే కోటికి ఒకటి ఉంది, నువ్వు దాంట్ల పది కోట్లకు ఒకటి చొప్పున తెచ్చి వేస్తే అది పెండ్లి భోజనంలో ఒక ప్లేటు ఎక్కువైనట్టే, 6.98 దగ్గర ఆగుతది.

ఇంకా 7 అనేది కూడా 25 డిగ్రీల దగ్గర మాటే. మరిగే నీళ్ళల్ల తటస్థం అంటే దాదాపు 6.1, అయినా అవి పుల్లగా మారలేదు, ఆమ్లం వైపు, క్షారం వైపు రెండు పక్కలా సమానంగానే పెరిగినయి. ఇది పరీక్షలో రాస్తే మార్కులు పోతయి, రాయకు అని చెప్పిన.

మా ఆఫీసులో ఒక దోస్తు ఉన్నడు, జిమ్ముకు పోతడు, ఆల్కలైన్ వాటర్ అని బాటిల్ కొనుక్కుని తాగుతడు, పీహెచ్ 9 అని దాని మీద పెద్ద అక్షరాలు. ఒంట్లో ఆమ్లం తగ్గిస్తదట. కోటి లెక్క వచ్చినాక ఇది ఊరికే వదలలేకపోయిన. పీహెచ్ 9 అంటే, 14లోంచి 9 తీస్తే 5, క్షారం వైపు ఐదు సున్నాలు, లక్షలో ఒక వంతు. పొట్టలో పీహెచ్ 2 అనుకో, అంటే ఆమ్లం వందలో ఒక వంతు. ఒక లీటరు ఆ ఆమ్లాన్ని సమం చేయాలంటే ఉత్త లెక్కలో వెయ్యి లీటర్ల ఆ నీళ్ళు కావాలె, అంటే మా ఇంటి మీద సింటెక్స్ ట్యాంకు. బైకార్బొనేట్ ఏమైనా కలిసి ఉంటే ఇంకొంచెం బాగా పనిచేస్తది, కానీ దానికి వంట సోడా చాలు, బాటిల్ అక్కర్లేదు. ఇక రక్తం అంటావా, అది 7.35 నుంచి 7.45 మధ్యలోనే ఉంటది, ఊపిరితిత్తులు, కిడ్నీలు చూసుకుంటయి, నీ బాటిల్ దాకా రానియ్యవు. చెప్పిన. వినలేదు. ఇంకా తాగుతున్నడు.

మధ్యాహ్నం మా అమ్మ రంగంలోకి దిగింది, నా బండ మచ్చ కోపం తగ్గినాక. "మీ పుస్తకాల రంగుల కాయితం ఎందుకు, పసుపు నీళ్ళు లేవా" అంది. మీకు తెలిసిందే, దిష్టి తీయడానికి, కొత్త కోడలు ఇంట్లోకి వచ్చినప్పుడు, పసిపిల్లకు, ఎర్రనీళ్ళు కలుపుతరు కదా. పసుపు నీళ్ళల్ల పాన్ డబ్బాలోని సున్నం ఇంత వేస్తే ఎర్రగా రక్తంలాగా అయితయి. నా బిడ్డ జీవితంలో ఒక పది సార్లు చూసి ఉంటది, ఎప్పుడూ ఇది కెమిస్ట్రీ అనుకోలేదు, ఆ మాటకొస్తే నేనూ అనుకోలేదు. పసుపు ఒక సూచిక, అంటే ఆమ్లమా క్షారమా రంగుతో చెప్పేది, పీహెచ్ ఎనిమిది దగ్గరకు వస్తే ఎర్రబారుతది. బిర్యానీ గ్రేవీ పడ్డ తెల్ల షర్టు మీద సబ్బు రుద్దితే మరక పోవాల్సింది పోయి ఎర్రగా అయి గుండె ఆగుతది చూడండి, అది కూడా ఇదే, కొత్త మరక కాదు, సబ్బు క్షారం కాబట్టి పసుపు రంగు మార్చింది, బాగా జాడించి ఎండలో ఆరేస్తే తగ్గిపోతది.

మా అమ్మ ఇత్తడి గిన్నెలో ఎర్రనీళ్ళు కలిపింది, బిడ్డను పిలిచి నిమ్మచెక్క చేతికిచ్చి పిండమంది. ఒక చుక్క, పడ్డ చోట పచ్చగా మెరిసి మళ్ళీ ఎర్రలో కలిసిపోయింది. ఇంకో చుక్క, అట్లనే. పది పన్నెండు చుక్కల దాకా ఏమీ కాలేదు, బిడ్డ విసుక్కుని గట్టిగా పిండింది, టక్కున గిన్నె మొత్తం పసుపు. "ఇప్పుడు మళ్ళా సున్నమెయ్యి" అంది మా అమ్మ. మళ్ళీ ఎరుపు. అట్ల ఒక అరగంట ఆడుకున్నరు ఇద్దరూ. ఒక్క చిక్కేంటంటే పసుపుకు నిమ్మకాయ నీళ్ళూ పచ్చనే, మామూలు నీళ్ళూ పచ్చనే, ఆమ్లం పట్టుకోవడం దానికి రాదు. అందుకు గోడ మీద పాకిన శంఖుపువ్వులు నాలుగు తెంపి వేడినీళ్ళల్ల వేసినం, నీలం నీళ్ళు, నిమ్మరసం వేస్తే ఊదా నుంచి గులాబీకి పోయింది, వంట సోడా వేస్తే ఆకుపచ్చ వైపు. మందారం కూడా పనిచేస్తది.

ఆ టక్కున మారడం చూసినప్పుడు నాకు ఇంటర్ ప్రాక్టికల్స్ గుర్తొచ్చినయి. బ్యూరెట్లో, అంటే కింద ట్యాపున్న కొలత గొట్టంలో, కాస్టిక్ సోడా అనే బలమైన క్షారం, కోనికల్ ఫ్లాస్కులో 20 ఎంఎల్ ఆమ్లం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్, క్షారంలో గులాబీ అయ్యే సూచిక (ఒకప్పుడు దీన్ని విరేచనాల మందుగా కూడా వాడేవాళ్ళు, మా లెక్చరర్ ఈ ముక్క ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవారట). ఆమ్లం కొలిచి తీసే గొట్టం పిపెట్, దాన్ని నోటితోనే పీల్చేవాళ్ళం, ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తది, ఆమ్లం నాలుకకు తగిలి పుల్లగా ఉండేది. లేత గులాబీ రంగు, రాగానే పోకుండా నిలబడాలె, అదే ఎండ్ పాయింట్, ఆమ్లం మొత్తం అయిపోయిందన్న గుర్తు. నాకు ఎప్పుడూ లేత గులాబీ రాలేదు. వస్తే గులాల్ చల్లినట్టు ముదురు రంగే వచ్చేది. చుక్క చుక్కగా వదలరా అని సార్ అరిచేవారు, ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఎందుకో ఆ రాత్రి కూర్చుని లెక్క వేసిన. రెండూ 0.1 నార్మల్ అనుకోండి, అంటే ఇక్కడ లీటరుకు పదిలో ఒక వంతు మోల్, మొదలు పీహెచ్ 1. సగం క్షారం, 10 ఎంఎల్ పోసేసినా పీహెచ్ 1.5 కూడా దాటదు. 18 ఎంఎల్ పోసినా 2.3 దగ్గరే తచ్చాడుతది. మనిషికి ధైర్యం వస్తది, ఇంకా చాలా ఉంది అనుకుంటడు, ట్యాప్ వదులుతడు. 19.95 దగ్గర 3.9. 20.05 దగ్గర 10.1. రెండు చుక్కలు, అంతే, రెండు చుక్కల్లో నాలుగు నుంచి పది. సున్నాలు లెక్కపెట్టే అంకె కదా, తొంభై శాతం ఆమ్లం పోయినా ఒక్క సున్నానే పెరుగుతది, ఆఖరి కొంచెం పోయేటప్పుడు సున్నాలన్నీ ఒకేసారి వచ్చి పడతయి. ఆ సీసా, ఆ గులాల్ రంగు, సార్ అరుపులు అన్నిటికీ ఇన్నేళ్ళకు అర్థం దొరికింది, రికార్డులో పోయిన మార్కులు మాత్రం దొరకవు.

అదే వెనిగర్‌ను కాస్టిక్ సోడాతో సరిగ్గా సమానంగా కలిపితే 7 రాదు, 8.7 దగ్గర ఆగుతది, మిగిలిన ఉప్పు నీళ్ళల్ల కొంచెం క్షారంగా ఉంటది కాబట్టి. అంటే తటస్థీకరణం అయిపోయింది, ద్రావణం మాత్రం తటస్థం కాదు. తెలుగులో చెప్తే ఇంకా విచిత్రంగా ఉంది, బిడ్డ నవ్వింది.

వంట సోడా విషయంలో మాత్రం నన్ను నేను మెచ్చుకున్న. ఆ కంగారులో కాస్టిక్ సోడా దొరికి అదే పోసి ఉంటే ఎక్కడ ఆపాలో తెలియక ఇటునుంచి అటు పడేవాణ్ణి, పైగా బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిస్తే మస్తు వేడి పుడతది. వంట సోడా ఎంత ఎక్కువైనా ఎనిమిది చిల్లర దగ్గరే ఆగిపోతది, మెతక మనిషి. చేతి మీద యాసిడ్ పడితే మాత్రం సోడా కూడా వద్దు, నల్లా కింద పెట్టి చాలాసేపు నీళ్ళు, అంతే. ఈనో కూడా ఇదే సోడాయే, సిట్రిక్ ఆమ్లం కలిపి ఉంటది, నీళ్ళల్ల వేయగానే వాళ్ళిద్దరూ కొట్టుకుని పొంగుతరు, మిగిలిన సోడా పోయి పొట్టలో ఆమ్లంతో కొట్టుకుంటది, అందుకే త్రేన్పు. జెలుసిల్‌లో కార్బొనేట్ లేదు, మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్లు, అందుకే అది పొంగదు, గమ్మున పని చేసుకుంటది. రాత్రి హలీం తిని పడుకునేటోళ్ళకు రెండూ తెలుసు.

మా అమ్మకు ఇవేవీ కొత్తగా అనిపించలేదు. చింతపండు రసం ముందే పోస్తే పప్పు ఉడకదని ఆమెకు తెలుసు, పులుపు తగిలితే పప్పులోని పెక్టిన్ కరగకుండా బిగుసుకుంటది అని నేను చెప్తే "అదే కదా నేనన్నది" అంది. బోరు నీళ్ళల్ల శనగలు ఉడకకపోతే చిటికెడు సోడా వేస్తది, ఎక్కువేస్తే సబ్బు వాసన అంటది, బి1 విటమిన్ కూడా పోతది అని నేను కలిపిన. గిన్నెలు బూడిదతో తోమిన రోజులు, ఊర్లో చౌడు నేలకు జిప్సం చల్లిన సంగతి, అన్నీ చెప్పింది. బూడిద కూడా క్షారమే, అరబ్బీలో అల్కలీ అనే మాట బూడిద నుంచే వచ్చింది అంటే మాత్రం కొంచెం సంతోషపడ్డది.

ఇక్కడి దాకా బాగానే ఉంది. మంగళవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మచ్చ పక్కన ఇంకో మచ్చ. ఇత్తడి బిందె నల్లబడితే చింతపండు పెట్టి తోమితే మెరుస్తది కదా, బండ ఎందుకు మెరవదు అని మా అమ్మ గుప్పెడు నానేసిన చింతపండు తీసుకుని మధ్యాహ్నమంతా రుద్దింది. ఇత్తడి మీద పులుపు తినేది పైన పట్టిన నల్ల పొరను, కింద లోహం జోలికి అంత తొందరగా పోదు. బండ మీద వేరే పొర ఏం లేదు, తినాలంటే బండనే తినాలె. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, బాత్రూం యాసిడ్ అంత బలం లేదు కానీ రెండు గంటలు ఓపికగా రుద్దితే సరిపోతది. మొదటి మచ్చకు కుడి పక్కన పొడుగ్గా, సముద్రం ఒడ్డులాగా. బిడ్డ వచ్చి చూసి "డాడీ, రాష్ట్రం విడిపోయింది" అంది.

పాలిష్ చేసేటాయనను పిలిచిన. మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలితో రుద్ది చూసి, యాసిడ్ పోసిన్రా అన్నడు. సోడా కూడా పోసిన అని చెప్పిన, అదేదో మంచి పని చేసినట్టు. యాసిడ్ ఆపిండ్రు గానీ పోయిన రాయి ఏడికెళ్ళి వస్తది సార్ అన్నడు. పైపొర మొత్తం మిషన్‌తో గీకి దింపాలె, ఒక్క బండ చేస్తే అది ఒక్కటే వేరేగా కనబడతది, చేస్తే వరండా మొత్తం చేయాలె అని రేటు చెప్పిండు, దసరా తర్వాత చూద్దాం అని పంపించిన.

బిడ్డకు టెస్టులో 20కి 18 వచ్చినయి. పోయిన రెండు మార్కులు పీహెచ్ ప్రశ్నకే, స్కేలు గీసి రంగులు రాయమంటే ఇది వెయ్యి, లక్ష, కోటి అని రాసొచ్చింది. మచ్చల మీద డోర్ మ్యాట్ వేసినం. ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ చాయ్ ఇచ్చి, ఆ మ్యాటు పక్కకు లాగి మొదటి మచ్చ మాత్రమే చూపిస్తది, "మావోడు సైన్సు చేసిండు" అని. రెండోదాని మీద కాలు పెట్టుకుని నిలబడతది.